పంచశీలం తీసుకున్నాక ఇంట్లో, పొలంలో, లావాదేవీల్లో ఎదురయ్యే చిక్కులు

మూసీగట్టు (చర్చ ప్రారంభించినవారు)

సభ్యులందరికీ నమస్కారం. నేనూ మా ఆవిడా హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకునే మామూలు గృహస్థులం. వనస్థలిపురం దగ్గరి ధమ్మఖేత్తలో పదిరోజుల విపశ్యన ధ్యాన శిబిరం పూర్తిచేశాక, అక్కడ తప్పనిసరిగా పాటించిన అయిదు బౌద్ధ శీలాలను (ప్రాణం తీయకపోవడం, ఇవ్వనిది తీసుకోకపోవడం, లైంగిక దుర్నడతకు దూరంగా ఉండడం, అబద్ధమాడకపోవడం, మత్తు పదార్థాలు తీసుకోకపోవడం) ఇంట్లోనూ కొనసాగించాలని ఇద్దరం నిర్ణయించుకున్నాం. శిబిరంలో అదేమీ కష్టమనిపించలేదు, ఎందుకంటే అక్కడ వండే పని లేదు, కొనే పని లేదు, చివరికి మాట్లాడే పని కూడా లేదు. ఇల్లు చేరాకే అసలు సంగతి తెలిసింది.

మా చిక్కులు మూడు. మొదటిది వంటగదిలో బొద్దింకలు. మా అపార్ట్‌మెంట్ సంఘం అప్పుడప్పుడూ మందు కొట్టించి అందరి దగ్గరా చందా వసూలు చేస్తుంది. రెండవది, మేము కొనాలనుకుంటున్న ఫ్లాటు యజమాని ధరలో మూడోవంతు నగదుగా ఇమ్మంటున్నారు. రిజిస్ట్రేషన్ మాత్రం ప్రభుత్వ మార్కెట్ విలువకే జరుగుతుందట. మూడవది, ఆషాఢంలో అత్తగారి ఊళ్లో బోనాలు. అక్కడ మేకపోతును కోస్తారు, కల్లు సాక పోస్తారు, అల్లుడు దూరంగా కూర్చుంటే పెద్దవాళ్లు నొచ్చుకుంటారు. ఈ మూడింటిలో దేనికీ ‘మీ మనస్సాక్షి చెప్పినట్టు చేయండి’ అన్న జవాబు మాత్రం వద్దని మనవి. మా మనస్సాక్షి రోజుకొకటి చెబుతోంది.

అట్ఠకథచదువరి

మొదటి ప్రశ్నకు బౌద్ధుల పాళీ వ్యాఖ్యానాలలో స్పష్టమైన కొలత ఉంది. ప్రాణాతిపాతం, అంటే ప్రాణం తీయడం, పూర్తి కావాలంటే అయిదు అంగాలు కలవాలని అట్ఠసాలిని చెబుతుంది: ఎదుట ఉన్నది ప్రాణి అయి ఉండాలి, అది ప్రాణి అని తెలిసి ఉండాలి, చంపాలన్న చిత్తం ఉండాలి, అందుకు ప్రయత్నం జరగాలి, ఆ ప్రయత్నం వల్లనే అది చావాలి. నడిచేటప్పుడు తెలియక కాలికింద పడిన చీమ ఈ లెక్కలోకి రాదు. మందు కొట్టేవారిని పిలిపించి, పక్కగదిలో కూర్చొని, నేను మాత్రం చంపలేదనుకోవడం కూడా ఈ లెక్కలో కుదరదు. స్వయంగా చేసినా, ఆజ్ఞాపించి చేయించినా ప్రయత్నమే.

అయితే అదే గ్రంథం అన్ని వధలనూ ఒకే త్రాసులో వేయదు. ప్రాణి పరిమాణం, దాన్ని చంపడానికి పట్టే ప్రయత్నం, ఆ సమయంలో మనసులో ఉన్న ద్వేషం ఎంత తీవ్రమైనది అన్నవాటిని బట్టి దోషం హెచ్చుతుంది, తగ్గుతుంది. కాబట్టి బొద్దింకను చూడగానే చెప్పు తీసుకొని వెంటపడే ఆ కోపాన్ని వదలడం మొదటి అడుగు. తక్కినది ఇంటిపని: రాత్రి ఎంగిలి గిన్నెలు వదలకుండా కడగడం, సింకు కింద తడి లేకుండా తుడవడం, పైపు గోడలోకి వెళ్లే సందును సిమెంటుతో పూడ్చడం. తిండి, నీరు, దాక్కునే చోటు దొరకకపోతే అవి తగ్గుతాయి. సంఘానికి మీ ఫ్లాటులో కొట్టవద్దని ముందే ఉత్తరం ఇవ్వండి. చందా ఉమ్మడి ఖర్చుల్లో భాగం. దాని కోసం జగడం పెట్టుకోవలసిన పని నాకు కనిపించదు.

నల్లరేగడి

అట్ఠకథచదువరి గారు చెప్పిన అయిదు అంగాలూ మా మిరప తోటలో రోజూ పూర్తవుతాయి. మాది పల్నాడు. 2021లో నల్ల తామరపురుగు వచ్చి పూతలో చేరినప్పుడు గుంటూరు, పల్నాడు, ఖమ్మం రైతులు ఎంత నష్టపోయారో ఇక్కడ చాలామందికి తెలిసే ఉంటుంది. అది ప్రాణి అని నాకు తెలుసు, చంపాలనే మందు కలుపుతాను, అది చస్తుంది. ఇప్పుడు నేను పంచశీలానికి అర్హుడినా, కాదా?

ఇంకొక మాట కూడా అడగాలని ఉంది. భిక్షువు నేలను తవ్వకూడదు, తవ్వించకూడదు, పచ్చని మొక్కను తుంచకూడదు అని వినయపిటకంలో, అంటే భిక్షువుల నియమాల గ్రంథంలో, ఉంది కదా. మా ప్రాంతంలోనే ఉన్న నాగార్జునకొండ విహారాలలో ఉన్నవారు ఆ నియమాలు పాటించారంటే, వారి పాత్రలోకి అన్నం ఎవరో దున్నిన పొలం నుంచే వచ్చింది. నాగలి పట్టేవాడు ఒకడుంటేనే నాగలి పట్టని శీలం నిలబడుతుంది. ఇది ఎత్తిపొడుపుగా అనడం లేదు. గృహస్థు శీలాన్ని భిక్షువు కొలబద్దతో కొలిస్తే రైతు మొదటి రోజే ఓడిపోతాడని మాత్రం చెబుతున్నాను.

నేను ప్రస్తుతం చేస్తున్నది ఇది. తోట చుట్టూ మొక్కజొన్న కంచెపంటగా వేస్తాను, నీలిరంగు జిగురు అట్టలు కడతాను, వేపనూనెతో మొదలుపెడతాను, పురుగు హద్దు దాటితేనే రసాయనం వైపు వెళతాను. జిగురు అట్టకు అంటుకున్న పురుగు కూడా చస్తుందని నాకు తెలుసు. అయినా తోటలో మిగతా పురుగులూ, సాలెపురుగులూ, తేనెటీగలూ బతుకుతాయి. అన్నిటికన్నా ముఖ్యం, మందు కొట్టే కూలీ ముక్కుకు గుడ్డ కట్టుకొని ఆ విషం పీల్చవలసిన రోజులు తగ్గుతాయి. చనిపోయే పురుగు గురించి చర్చించేవారు పంపు మోసే మనిషి గురించి అరుదుగా మాట్లాడతారు.

దీక్షాభూమిబాట

నల్లరేగడి గారి ప్రశ్న డాక్టర్ అంబేడ్కర్ కూడా ఎదుర్కొన్నదే. ఆయన మరణానంతరం 1957లో వెలువడిన ‘బుద్ధుడు - ఆయన ధమ్మం’లో అహింసను ఒక నియమంగా కాక ఒక సూత్రంగా చూడాలని రాశారు, చంపాలన్న కోరికతో చంపడం వేరు, చంపక తప్పని అవసరం వేరు అని విడదీశారు. నియమమైతే పాటించావా, తప్పావా అని మాత్రమే అడుగుతుంది. సూత్రం నిన్ను ఆలోచించమంటుంది, ప్రతి సందర్భంలోనూ తూకం వేయమంటుంది. రైతు పంటను కాపాడుకోవడం మొదటి కోవలోకి రాదు. నేను ఉపాధ్యాయుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. మా కరీంనగర్ వైపు బౌద్ధ దీక్ష తీసుకున్న కుటుంబాలలో ఎక్కువమంది వ్యవసాయ కూలీలే. ఇది వారికి చెప్పకుండా పంచశీలం చెబితే, అది తీరికగా ఉన్నవారి శీలంగానే మిగిలిపోతుంది.

అట్ఠకథచదువరి

దీక్షాభూమిబాట గారి మాట గౌరవించదగినదే కానీ నేను పూర్తిగా ఒప్పుకోలేను. అవసరం అన్న మాటకు హద్దు ఎవరు గీస్తారు? బుద్ధుని బోధల సంకలనమైన సంయుత్తనికాయంలో ఒక యోధుల నాయకుడు బుద్ధుని దగ్గరకు వచ్చి, యుద్ధంలో పోరాడుతూ చనిపోయినవాడు స్వర్గానికి వెళతాడని మా పెద్దలు చెబుతారు, తమరేమంటారు అని అడుగుతాడు. అడగవద్దని వారించినా మూడోసారీ అడిగాక, ఎదుటివారు చావాలని కోరుకునే చిత్తంతో చనిపోయినవాడికి ఆ గతి దొరకదని బుద్ధుడు చెబుతాడు. వృత్తి అవసరం అతనికి మినహాయింపు ఇవ్వలేదు.

రైతును నేను యోధునితో పోల్చడం లేదు. నేననేది ఒక్కటే: మినహాయింపు వెతుక్కోవడం కన్నా, ‘ఇక్కడ నా శీలానికి లోటు ఉంది, దాన్ని తగ్గించుకుంటూ వస్తున్నాను’ అని తెలిసి చేయడం మేలు. నల్లరేగడి గారు అట్టలు కట్టి చేస్తున్నది సరిగ్గా అదే. శీలం ఒకసారి విరిగితే ఇక పనికిరాదన్న భావన థేరవాద బౌద్ధ ఆచారంలో లేదు. గృహస్థు మళ్లీ బుద్ధుడు, ధమ్మం, సంఘం అన్న మూడు శరణాలు చెప్పుకొని మళ్లీ శీలాలు స్వీకరిస్తాడు.

ఎర్రగుడిరాళ్లు

లోటును దాచకుండా చెప్పుకోవడం గురించి మాట వచ్చింది కాబట్టి ఒక శాసనాన్ని గుర్తుచేస్తాను. గుత్తికి దగ్గరలో, కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుని పద్నాలుగు శిలాశాసనాలూ, చిన్న శాసనాలూ ఒకేచోట ఉన్నాయి. మొదటి శాసనంలో ఆయన ఏమంటాడంటే, ఇదివరకు తన వంటశాలలో కూరల కోసం రోజూ లక్షల ప్రాణులను చంపేవారు, ఈ శాసనం రాయించేనాటికి మూడే చంపుతున్నారు, రెండు నెమళ్లు, ఒక లేడి, ఆ లేడి కూడా ప్రతిరోజూ కాదు, ముందు ముందు ఈ మూడింటినీ చంపరు. లక్షలన్నది రాజుల లెక్క అనుకున్నా, మిగిలిన ఆ మూడింటినీ దాచకుండా రాయి మీద చెక్కించాడు చూడండి. ఒక చక్రవర్తి తన వంటింట్లో ఇంకా జరుగుతున్న హింసను పేరు పెట్టి, లెక్క కట్టి ఊరందరికీ చెప్పుకున్న సందర్భం నాకు ఇంకెక్కడా కనబడలేదు. పూర్తిగా మానేశాక చెక్కిద్దామని ఆయన ఆగలేదు.

అక్కడి చిన్న శాసనంలో తల్లిదండ్రుల మాట వినాలి, ప్రాణుల పట్ల దయ ఉండాలి, సత్యం పలకాలి అని ఉంది. బొద్దింకలంటే అసహ్యపడే మిత్రులకు ఇంకొక సంగతి: బౌద్ధ ఆచార్యుడు నాగార్జునుడు ఒక రాజుకు హితవు చెబుతూ రాసిన రత్నావళిలో, బాటసారులకు నీరూ నీడా ఏర్పాటు చేయమన్న ధోరణిలోనే, చీమల పుట్టల దగ్గర నమ్మకమైన మనుషులచేత ఆహారం, నీరు, చక్కెర, ధాన్యం పెట్టించమని సలహా ఇచ్చాడు. నమ్మకమైన మనుషులచేత అనడంలోనే ఆయనకు రాజోద్యోగుల సంగతి బాగా తెలుసని అర్థమవుతోంది.

మూసీగట్టు

అందరికీ ధన్యవాదాలు. సింకు కింది సందు పూడ్పించే పని ఈ వారమే పెట్టుకుంటాం. రెండవ ప్రశ్న మీద ఎవరూ మాట్లాడలేదు. ఫ్లాటు యజమానికి మా జవాబు తొందరగా చెప్పాలి.

లెక్కలపుస్తకం

నేను చార్టర్డ్ అకౌంటెంట్‌గా పనిచేస్తున్నాను. మా వృత్తిలో ఈ ప్రశ్న వినని నెల ఉండదు, అయితే శీలం కోణంలో అడిగినవారు తక్కువ. ముందు చట్టం సంగతి: స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు, ఆపైన బయానాను నగదుగా తీసుకోవడాన్ని 2015 నుంచి ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. తరువాత లాభనష్టాలు: మీరు చెల్లించిన మొత్తంలో మూడోవంతు కాగితం మీద లేకపోతే, రేపు మీరు ఆ ఫ్లాటు అమ్మేనాడు మీ కొనుగోలు ధర తక్కువగా కనబడుతుంది, అమ్మినవారు ఎగవేసిన మూలధన లాభాల పన్ను మీ నెత్తిన పడుతుంది. పైగా ఆ నగదు మీ దగ్గరికి ఎలా వస్తుంది? జీతాలు బ్యాంకులో పడే ఇద్దరు మనుషులు అంత నగదు కూడగట్టాలంటే ఇంకో నాలుగు అబద్ధాలు చెప్పాలి.

ఎదుటివారు అందరూ ఇలాగే చేస్తారంటారు. అందరూ కాదు. బ్యాంకు రుణంతో కొని, అమ్మి ఇంకో ఇల్లు కొనుక్కోబోయే ఉద్యోగుల దగ్గర పూర్తిగా చెక్కు మీద జరిగే లావాదేవీలు దొరుకుతాయి. వెతకాలి, కొంచెం ధర ఎక్కువ పెట్టాలి. రెండవ శీలానికి మీరు చెల్లించే ఖరీదు ఆ ధరలోని తేడాయే అనుకోండి. ఆ తేడా ఎంతో కాగితం మీద రాసుకొని, ఇంత ఇవ్వగలమా, లేమా అని మీరిద్దరూ కూర్చొని తేల్చుకోవచ్చు.

అట్ఠకథచదువరి

ఇక్కడ వినయపిటకం చాలా కచ్చితంగా ఉంది. భిక్షువుకు భిక్షుత్వమే పోయే నాలుగు పారాజికాలలో రెండవది దొంగతనం. దాని వివరణలో, సుంకం కట్టవలసిన చోట సరుకు దాచి దాటించడాన్ని కూడా దొంగతనంగానే లెక్కించారు. విలువ అయిదు మాసకాలకు (అప్పటి నాణేలు) చేరితే పారాజికమే. రాజు మంచివాడా, సుంకం న్యాయమైనదా అన్న విచారణ అక్కడ లేదు. గృహస్థుకు ఆ శిక్ష వర్తించదు కానీ, పన్ను ఎగవేతను దొంగతనం కాదనుకోవడానికి పాత గ్రంథాలలో ఆధారం దొరకదని చెప్పడానికి అది చాలు. కాగితం మీద తక్కువ ధర రాసి సంతకం పెట్టడం నాలుగవ శీలం కిందికీ వస్తుంది. విషయం నిజం కాదు, మోసపుచ్చే ఉద్దేశం ఉంది, ప్రయత్నం ఉంది, అధికారికి అది నిజమన్నట్టు అర్థమైంది. మృషావాదానికి, అంటే అబద్ధానికి, చెప్పిన నాలుగు అంగాలూ కలిశాయి.

బోధినీడ

ఇంతసేపూ చదివి ఒక సంగతి గమనించాను. బొద్దింకలు వచ్చాయి, మేకపోతు వచ్చింది, అశోకుని నెమళ్లు వచ్చాయి. మూసీగట్టు గారి ఇంట్లో పనిచేసే మనిషి ప్రస్తావన రాలేదు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేసే ఇల్లంటే, గిన్నెలు తోమే ఆవిడ ఉండే ఉంటుందని ఊహిస్తున్నాను. రాత్రి ఎంగిలి గిన్నెలు వదలకూడదన్న సలహా వల్ల పెరిగే పని ఎవరిదో కూడా ఆలోచించండి.

దీఘనికాయంలోని సిగాలోవాద సూత్రం గృహస్థుల కోసమే చెప్పినది. రాజగృహంలో తడిబట్టలతో ఆరు దిక్కులకూ మొక్కుతున్న సిగాలుడికి బుద్ధుడు ఆ దిక్కులను మనుషులుగా చూడమంటాడు. తూర్పు తల్లిదండ్రులు, దక్షిణం గురువులు, పడమర భార్యాపిల్లలు, ఉత్తరం స్నేహితులు, పైదిక్కు శ్రమణ బ్రాహ్మణులు. కింది దిక్కు పనివాళ్లు. యజమాని వారికి చేయవలసినవి కూడా అక్కడే ఉన్నాయి: శక్తికి తగిన పని అప్పగించడం, తిండీ జీతమూ ఇవ్వడం, జబ్బు చేస్తే చూసుకోవడం, ఇంట్లో రుచికరమైనది చేసుకుంటే పంచుకోవడం, వేళకు సెలవు ఇవ్వడం. ఇప్పుడు మన అపార్ట్‌మెంట్లకు రండి. ఆమెకు విడిగా ఒక గ్లాసు, విడిగా ఒక ప్లేటు, కొన్నిచోట్ల విడిగా ఒక లిఫ్టు. జ్వరం వచ్చి రెండు రోజులు రాకపోతే జీతంలో కోత. రుచికరమైనది పంచడమంటే ఫ్రిజ్‌లో పాతబడినదాన్ని కవరులో కట్టి ఇవ్వడం. ఇవ్వనిది తీసుకోకూడదన్నది రెండవ శీలమైతే, జీతం ఇవ్వకుండా అదనపు పని తీసుకోవడం దేని కిందికి వస్తుంది? బంధువులు దిగినప్పుడు గిన్నెలు రెట్టింపైతే ఆ నెల జీతం ఎంతమంది ఇళ్లలో పెరుగుతుందో చెప్పండి.

నాలుగవ శీలం గురించి కూడా ఒక మాట. కఠినంగా మాట్లాడకపోవడం, చాడీలు చెప్పకపోవడం, పనికిరాని కబుర్లు మానడం కూడా సమ్యక్ వాక్కులో, అంటే సరైన మాటలో, భాగాలే. మనం అబద్ధాన్ని పట్టుకొని మిగతా మూడింటినీ వదిలేశాం. అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఒక పనిమనిషి మీద దొంగతనం అనుమానం పడితే, ఆమె ఫోటోతో సహా ఎంత వేగంగా తిరుగుతుందో మీరందరూ చూసే ఉంటారు. నిజమని తెలియదు, ఎవరికీ మేలు లేదు, సమయం కాదు. అభయరాజకుమార సూత్రంలో బుద్ధుడు మాటకు పెట్టిన మూడు పరీక్షలలోనూ అది తప్పుతుంది. అయినా ఆ సందేశాన్ని ముందుకు పంపినవారు సాయంత్రం దోమల బ్యాటు పట్టుకోవాలా, వద్దా అని బాధపడుతుంటారు.

దీక్షాభూమిబాట

బోధినీడ గారు చెప్పినదానికి నా వైపు నుంచి చేర్చవలసినది కొంచెమే. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో అంబేడ్కర్ తన అనుయాయులచేత చేయించిన 22 ప్రతిజ్ఞలలో దొంగతనం చేయను, అబద్ధమాడను, మద్యం తాగను అన్నవాటితో పాటే, మనుషులందరూ సమానులని నమ్ముతాను, సమానత్వం కోసం కృషి చేస్తాను అన్నవీ ఉన్నాయి. విడి గ్లాసు పెట్టిన ఇంట్లో ధ్యానం ఎన్ని గంటలు చేసినా, ఆ ప్రతిజ్ఞల దృష్టిలో శీలం ఇంకా మొదలు కాలేదు.

మూసీగట్టు

బోధినీడ గారు ఊహించింది నిజమే. మా ఇంట్లో పనిచేసే ఆవిడ ఉన్నారు, వారానికి ఒకరోజు సెలవు లేదు. మేమెన్నడూ అడగలేదు, ఆమె అడగలేదు. ఈ ఆదివారం నుంచి సెలవు ఇస్తున్నాం, ఆ రోజు గిన్నెలు నేను తోముతాను. జ్వరం వచ్చి రాని రోజులకు కూడా జీతం ఉంటుందని మా ఆవిడ ఆమెతో చెప్పింది. ఆమె వెంటనే నమ్మినట్టు కనిపించలేదు; రెండు మూడు నెలలు చూస్తుందేమో.

కొలంబోనుంచి

ఉద్యోగరీత్యా శ్రీలంకలో ఉంటున్న తెలుగువాడిని. ఇక్కడ పౌర్ణమి రోజును పోయ అంటారు; ప్రభుత్వ సెలవు, ఆ రోజు మద్యమూ మాంసమూ అమ్మరు. తెల్లబట్టలు కట్టుకొని విహారానికి వెళ్లేవారిలో చాలామంది ఆ ఒక్కరోజుకు ఎనిమిది శీలాలు తీసుకుంటారు. నాకు నచ్చింది వేరే విషయం. ఇంట్లో భిక్షువులకు దానం ఇచ్చినా, ఎవరైనా చనిపోయినా, కొత్త దుకాణం తెరిచినా, కార్యక్రమం మొదట అందరూ కలిసి అయిదు శీలాలూ మళ్లీ చెప్పుకుంటారు. నిన్న తాగినవాడూ చెబుతాడు, ఎవరూ నవ్వరు. వేషమని బయటివారు అనుకోవచ్చు, నేనూ మొదట్లో అలాగే అనుకునేవాణ్ణి. ఏళ్ల తరబడి ఇలా చెప్పుకుంటూ వచ్చి యాభై దాటాక నిజంగా మానేసినవారు నాతో పనిచేసేవారిలోనే ఉన్నారు.

నల్లరేగడి

బోనాల ప్రశ్న మిగిలింది. మా పల్నాటి జాతరల్లోనూ పోతులను కోయడం ఉంది కాబట్టి చెబుతున్నాను. కోత దగ్గర నిలబడకండి, పోతు కొనడానికి మీ వాటా డబ్బు ఇవ్వకండి; అదే డబ్బు పందిరికో, వచ్చినవారి భోజనాల బియ్యానికో ఇవ్వండి. భిక్షువులకు కూడా, తమ కోసం చంపారని చూడని, వినని, అనుమానించని మాంసాన్నే బుద్ధుడు అనుమతించాడని చదివాను. ఆ లెక్కన అల్లుడి కోసం ప్రత్యేకంగా కోసిన నాటుకోడి, జాలీలోని కోడిని వేలితో చూపించి కోయించుకున్న మాంసం, రెండూ అవతలే పడతాయి. ఈ మాట ముందే, పండుగకు వారం ముందే, ఫోనులో మీ అత్తగారికి చెప్పండి. విస్తరి ముందు కూర్చున్నాక చెబితేనే పెద్దవాళ్లు నొచ్చుకుంటారు.

బోధినీడ

బోనం మాత్రం మీ ఆవిడ నిరభ్యంతరంగా ఎత్తుకోవచ్చునని నా అభిప్రాయం. కొత్త కుండలో అన్నం, బెల్లం, పెరుగు, పైన వేపకొమ్మలు, దీపం. అందులో ఏ ప్రాణికీ హాని లేదు. కల్లు విషయంలో, పులియని నీరా అయితే ఇబ్బంది లేదు, పులిసిన కల్లయితే వద్దని చెప్పడమే. అయిదవ శీలాన్ని ఊరి ఆడవాళ్లు మనకన్నా బాగా అర్థం చేసుకుంటారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై ఊరూరా పాకిన సారా వ్యతిరేక పోరాటం వల్లనే 1993 అక్టోబర్‌లో ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం వచ్చింది. సిగాలోవాదంలో తాగుడుకు చెప్పిన ఆరు నష్టాలలో మొదటివి డబ్బు పోవడం, తగాదాలు పెరగడం, రోగాలు. ఆ స్త్రీలు చెప్పుకున్న కష్టాలూ అవే, అదే వరసలో.

దీక్షాభూమిబాట

బోనం ఎత్తుకోవచ్చునన్న మాటతో నేను ఏకీభవించను. 22 ప్రతిజ్ఞలు తీసుకున్నవారు దేవతారాధనను వదులుకుంటామని ప్రమాణం చేసినవారు. వారికి అది కుదరదు. మూసీగట్టు గారు ఆ దీక్ష తీసుకోలేదు, విపశ్యన శిబిరంలో అయిదు శీలాలు మాత్రమే తీసుకున్నారు కాబట్టి వారి పరిస్థితి వేరు. రెండింటినీ కలిపి ఒకే సలహా ఇవ్వడం ఇద్దరికీ న్యాయం కాదు.

నిర్వాహకులు

బోనాలకు వెళ్లవచ్చా, కూడదా అన్న వాదం ఇంతటితో ఆపి, దానికి ప్రత్యేకంగా చర్చ తెరవవలసిందిగా కోరుతున్నాం. మాంసాహార శాకాహార వివాదం వైపు మళ్లిన నాలుగు వ్యాఖ్యలను తొలగించాం.

మూసీగట్టు

నిర్వాహకుల మాట పాటిస్తాను. ఫ్లాటు గురించి మా నిర్ణయం చెప్పి, చివరగా ఒక సందేహం అడుగుతాను. నగదు ఇవ్వకూడదని ఇద్దరం తేల్చుకున్నాం. మధ్యవర్తికి చెబితే, ‘మీకు నచ్చలేదని చెప్పకండి సార్, మొత్తం బ్యాంకు అప్పే, చేతిలో రూపాయి లేదని చెప్పండి, ఆయన నొచ్చుకోరు’ అని సలహా ఇచ్చాడు. మా చేతిలో కొంత డబ్బు ఉన్న మాట నిజం. పైగా ఈ సంభాషణ జరిగినప్పుడు మా అబ్బాయి పక్కనే ఉన్నాడు. ఎవరైనా ఫోను చేస్తే ‘నాన్న ఇంట్లో లేరని చెప్పు’ అనడం మానుకున్న ఇల్లు మాది. దొంగతనం తప్పించుకోవడానికి అబద్ధం చెప్పడం తేలిక తప్పు అవుతుందా?

అట్ఠకథచదువరి

అబ్బాయి పక్కన ఉన్నాడన్నారు కాబట్టి, అంబలట్ఠిక రాహులోవాద సూత్రం మీ ఇంటికి సరిగ్గా సరిపోతుంది. అందులో బుద్ధుడు కొడుకు రాహులుడితో నవ్వులాటకైనా అబద్ధమాడనని అభ్యసించమంటాడు. ఏ పనికైనా ముందూ, చేస్తున్నప్పుడూ, చేశాకా, ఇది నాకు గానీ ఇతరులకు గానీ ఇద్దరికీ గానీ బాధ కలిగిస్తుందా అని చూసుకోమంటాడు. మీకు ఇక్కడ అబద్ధంతో అవసరమే లేదు. కారణం చెప్పకపోవడం మృషావాదం కాదు. మోసపుచ్చే ఉద్దేశంతో లేనిదాన్ని ఉన్నదిగా, ఉన్నదాన్ని లేనిదిగా చెప్పినప్పుడే ఆ అంగాలు కలుస్తాయి.

లెక్కలపుస్తకం

వృత్తిరీత్యా నేను కక్షిదారులకు చెప్పే వాక్యం ఇస్తాను, వాడుకోండి: ‘మేము మొత్తం ధరను బ్యాంకు ద్వారానే చెల్లిస్తాం, దస్తావేజులో అదే మొత్తం ఉండాలి, మీకు కుదిరితే ముందుకు వెళదాం.’ ఎందుకని అడిగితే, మా పద్ధతి అదని చెప్పండి. మధ్యవర్తిచేత చెప్పించకుండా యజమానితో మీరే మాట్లాడండి, ఎందుకంటే మధ్యవర్తి మీ తరఫున ఆ లోను కథ ఎలాగూ చెప్పేస్తాడు. బయానా ఏదైనా ఇచ్చి ఉంటే, వెనక్కి తీసుకునేటప్పుడు అది కూడా బ్యాంకు ద్వారానే తీసుకోండి.